పల్లెను చదివిన ఆచార్యుడు

మైసూరు నగరంలో అదొక అయ్యంగార్ల కుటుంబం. ఇంట్లో కన్నడం కలిసిన తమిళం మాట్లాడుకునేవారు. గుమ్మం దాటితే అంతా కన్నడమే. 1916 నవంబరు 16న ఆ ఇంట మైసూరు నరసింహాచార్ శ్రీనివాస్ జన్మించారు. తండ్రి స్వగ్రామం అరకెరె. పిల్లల చదువు కోసం ఆయన పొలాలను ఊళ్లోనే ఉంచి పట్నం చేరారు.

వారి పెరటిగోడకు కొద్ది గజాల దూరంలో బండికేరి అనే పేట ఉండేది. గొర్రెల కాపరులైన కురుబలు అక్కడ మట్టి ఇళ్లలో నివసించేవారు. వారి తిండి, పండుగలు, మాటతీరు అన్నీ వేరు. బాలుడైన శ్రీనివాస్‌కు అది మరో లోకంలా తోచింది. ఆ ఆశ్చర్యాన్ని ఆయన వృద్ధాప్యంలో కూడా తలచుకున్నారు.

ఇంటర్మీడియట్ తరువాత ఆయన మహారాజా కళాశాలలో సామాజిక తత్త్వశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎ. ఆనర్సులో చేరారు. అందులో సమాజశాస్త్రం ఒక ముఖ్యభాగం. కుటుంబం, వివాహం, కులం, మతం, గ్రామం - ఇలా మనుషులు కలిసి బతకడానికి ఏర్పరచుకున్న పద్ధతులను పరిశీలించే శాస్త్రమిది. ఆ రోజుల్లో దీనిని బి.ఎ. స్థాయిలో బోధించే విశ్వవిద్యాలయాలు మన దేశంలో వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే ఉండేవి.

తత్త్వశాస్త్ర ఆచార్యులు ఎ. ఆర్. వాడియా ఆ శాఖకు పెద్ద. బ్రహ్మగిరి, చంద్రవల్లిలలో తవ్వకాలు జరిపిన ఎం. హెచ్. కృష్ణ సామాజిక మానవశాస్త్రం చెప్పేవారు. సమాజశాస్త్రంతో పాటు నీతిశాస్త్రం, రాజనీతి కూడా చదవాలి. నిజానికి అది ఒక విద్యార్థి మోయగలిగినదానికంటే పెద్ద బరువే. కానీ చూపు విశాలమైంది. ఎక్కడో సముద్రాల అవతలి తెగల బంధుత్వాలను గురించి చదవడానికి పుస్తకాలున్నాయి. పెరటిగోడ అవతలి బండికేరిని గురించి మాత్రం ఏ పుస్తకమూ లేదు. 1936లో శ్రీనివాస్ పట్టభద్రులయ్యారు.

తరువాత ఆయన బొంబాయి వెళ్లి ఆచార్య జి. ఎస్. ఘుర్యే వద్ద ఎం.ఎ. చేశారు. మైసూరు ప్రాంతపు వివాహాలు, కుటుంబాలపై రాసిన పరిశోధన 1942లో పుస్తకంగా వెలువడింది. ఘుర్యే వద్ద పరిశోధకుడిగా ఉన్న కాలంలో ఆయన తమిళ, తెలుగు జానపద గీతాలను కూడా సేకరించి ప్రచురించారు. మన పాటలు ఆయన చెవిన పడ్డాయన్నమాట!

1945లో శ్రీనివాస్ ఆక్స్‌ఫర్డ్ చేరారు. అక్కడ రాడ్‌క్లిఫ్-బ్రౌన్ సలహాపై, తాను ముందే సేకరించిన కొడగు ప్రజల వివరాలను కొత్త దృష్టితో పరిశీలించారు. ఆ గ్రంథం 1952లో వచ్చింది. తక్కువగా ఎంచబడే కులాలు పై కులాల ఆచారాలను అనుసరించి గౌరవం పొందజూడడాన్ని ఆయన సంస్కృతీకరణ అన్నారు. ఆ మాట ఈనాటికీ పాఠ్యపుస్తకాలలో ఉంది.

కులాన్ని గురించి పాత గ్రంథాలు చెప్పేది ఒకటి, ఊళ్లో జరిగేది మరొకటి అని ఆయన గట్టి నమ్మకం. అందుకే 1948లో మైసూరు సమీపంలోని ఒక పల్లెకు వెళ్లి నెలల తరబడి ఉన్నారు. ఆ ఊరికి తన రచనలలో రామపుర అని మారుపేరు పెట్టారు. గ్రామపెద్దకు చెందిన, ఎడ్లను కట్టే ఇంట్లో ఆయన బస. నాట్లు, తగవులు, పెళ్లిళ్లు, అప్పులు, దేవర ఉత్సవాలు - అన్నీ చూసి రాసుకున్నారు. అయితే గ్రామపెద్ద నీడలో ఉన్నవారికి ఊరంతా ఒకేలా కనిపించదు. హరిజనవాడ బతుకు తనకు తగినంతగా తెలియలేదని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. ఎంత పెద్ద పండితుడికైనా తాను కూర్చున్న అరుగు నుండే ఊరు కనిపిస్తుంది కదా!

1951లో బరోడా విశ్వవిద్యాలయంలో ఆయన సమాజశాస్త్ర శాఖకు తొలి ఆచార్యులయ్యారు. 1959లో ఢిల్లీలోనూ అటువంటి శాఖనే నెలకొల్పారు. విద్యార్థులను తరగతి గదిలో కూర్చోబెట్టి వదలక, ఊళ్లకు వెళ్లి చూసి రమ్మనేవారు.

రామపుర వివరాలను వర్గీకరించి, శుద్ధప్రతులు తయారుచేయడానికి ఏళ్లు పట్టింది. గ్రంథరచనకై వాటితో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వెళ్లారు. 1970 ఏప్రిల్ 24న, ఆందోళనలు జరుగుతున్న ఆ రోజుల్లో, దుండగులు ఆయన పనిచేసే భవనానికి నిప్పు పెట్టారు. మూడు ప్రతులూ బూడిదయ్యాయి. ఊళ్లో రాసుకున్న అసలు కాగితాలు మాత్రం ఢిల్లీలో మిగిలాయి. ఆయన కుంగిపోయారు. జ్ఞాపకం ఉన్నంతవరకే రాయమని సోల్ టాక్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు ప్రోత్సహించారు. శ్రీనివాస్ కళ్ల ముందు నిలిచిన ఊరిని, మనుషులను, వారి ముఖాలను తలచుకొని రాయసాగారు. 1976లో వెలువడిన ఆ గ్రంథం పేరు జ్ఞాపకాల్లోని పల్లె అనే అర్థమిస్తుంది. కథలా చదివించే సమాజశాస్త్ర గ్రంథాలు అరుదు. అది అటువంటిది.

1972లో ఆయన బెంగుళూరు వచ్చి వి. కె. ఆర్. వి. రావు స్థాపించిన పరిశోధన సంస్థలో చేరారు. 1977లో పద్మభూషణ్ లభించింది. చివరి ఏళ్లలో కూడా ఆ నగరంలోనే పరిశోధన సాగిస్తూ, 1999 నవంబరు 30న కన్నుమూశారు.