ఇ. యం. ఫార్‌స్టరు

ఆంగ్ల నవలా రచయితలలో సుప్రసిద్ధుడైన ఎడ్వర్డు మోర్గన్ ఫార్‌స్టరు 1879వ సంవత్సరము జనవరి 1వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆయన పేరు వెనుక ఒక చిన్న వింత కలదు. తలిదండ్రులు బిడ్డకు హెన్రీ మోర్గన్ అని పేరిడ దలచిరి. కాని చర్చిలో జ్ఞానస్నానము జరుగునపుడు అచటి పరిచారకుడు పేరడుగగా, తండ్రి పరధ్యానమున తన పేరే చెప్పివేసెనట! ఆ పేరే నిలిచిపోయెను. తండ్రి భవన నిర్మాణ శిల్పి. కుమారునకు రెండేండ్లు నిండకమునుపే ఆయన క్షయరోగముతో మరణించెను. తల్లి లిల్లీ తన యొక్కగానొక్క కొడుకును కంటికి రెప్పవలె పెంచెను.

స్టీవెనేజి అను ఊరి చెంత, పొలముల నడుమ నున్న ఒక పాత యింటిలో ఆయన బాల్యము పదేండ్లు గడచెను. ఆ యింటిపై మమకారము ఆయనను జీవితాంతము విడువలేదు. తండ్రి వైపు బంధువులలో మేరియన్ థారన్‌టన్ అను వృద్ధురాలు కలదు. ఆమె తండ్రి బానిసల వర్తకమును మాన్పుటకు పాటుపడిన వారిలో నొకడు. 1887లో ఆమె మరణించుచు ఫార్‌స్టరునకు 8,000 పౌనుల ధనము విడిచిపోయెను. ఆ సొమ్మే ఆయనను చదివించినది. పొట్టకూటికై ఎవరిని ఆశ్రయింపక వ్రాసికొను స్వేచ్ఛను ఇచ్చినది. టన్‌బ్రిడ్జి పాఠశాలలో ఆయన సుఖపడలేదు. బక్కపలుచని, బిడియస్థుడైన ఆ బాలుని తోడివారు ఏడిపించుచుండిరి. 1897లో కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలో ప్రవేశించిన పిమ్మటనే ఆయనకు మనసిచ్చి మాటాడు మిత్రులు లభించిరి.

1906లో ఆయన జీవితమును మలుపు త్రిప్పిన సంఘటన జరిగెను. అలీగఢ్ కళాశాలను స్థాపించిన సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ గారి మనుమడు సయ్యద్ రాస్ మసూదు చదువునకై ఇంగ్లాండు వచ్చియుండెను. అతనికి లాటిను భాష నేర్పుటకు ఒక గురువు కావలసివచ్చెను. ఫార్‌స్టరు ఆ పనికి ఒప్పుకొనెను. శిష్యునకు పదునేడేండ్లు, ఆజానుబాహువు, అందగాడు, మాటకారి. లాటిను వ్యాకరణము విసుగు పుట్టించినపుడెల్ల ఆ శిష్యుడు గురువునే అమాంతముగా పైకెత్తెడివాడట! చదువు ఎంత సాగినదో కాని, స్నేహము మాత్రము గాఢముగా పెరిగెను. పాలించు జాతివాడు, పాలింపబడు జాతివాడు అను భేదము ఆ యిరువురి నడుమ ఒక్కనాడైనను నిలువలేదు.

ఆ కాలపు మాట యొకటి ఫార్‌స్టరు తరువాత ఒక వ్యాసమున వ్రాసెను. ఆయన ఒక భారతీయ మిత్రునితో కలిసి ఐరోపాలో వారము దినములు విహరించెను. విడిపోవు వేళ ఆ మిత్రుడు దుఃఖముతో కుమిలిపోయెను. త్వరలోనే మరల కలిసికొందుము గదా, ఇంత శోకమేల యని ఫార్‌స్టరు మందలించెను. సందర్భమునకు మించిన దుఃఖము తగదని ఆయన భావము. అందులకు ఆ మిత్రుడు, హృదయములోని భావములను బంగాళాదుంపల మూటవలె తూచి యిచ్చెదరా యని నిలదీసెను. ఆ ప్రశ్న ఆయన మనస్సున నాటుకొనెను. తన జాతివారి హృదయము పెరుగవలసినంతగా పెరుగలేదని ఆ వ్యాసముననే ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. తన వారి లోపమును తానే చెప్పుట సామాన్యులకు సాధ్యమగు పని కాదు.

1905 మొదలు 1910 వరకు ఆయన నాలుగు నవలలు ప్రకటించి కీర్తి నార్జించెను. మసూదు స్వదేశమునకు మరలిన పిదప, 1912 అక్టోబరులో ఫార్‌స్టరు ఓడనెక్కి భారతదేశమునకు వచ్చెను. అలీగఢ్‌లో మిత్రుని కలిసికొనెను. ఢిల్లీలో డాక్టరు అన్సారీగారి యింట అతిథిగా నుండెను. పాట్నా చెంతనున్న బంకీపూరులో మసూదు అప్పుడు న్యాయవాదిగా నుండెను. అచట ఆయన ఒక విషయమును కన్నులార చూచెను. ఆంగ్లేయులు ఊరికి ఎడముగా, తమ క్లబ్బులతో, బంగళాలతో ప్రత్యేకముగా బ్రతుకుచుండిరి. ఎంత విద్యావంతుడైనను భారతీయునకు ఆ క్లబ్బులలో అడుగిడు అర్హత లేకుండెను. ఇంగ్లాండులో సమానముగా కూర్చుండి భోజనము చేసిన మిత్రుడే ఇచట వేరొక జాతి మనుష్యుడగుచుండెను. 1913 జనవరిలో గయ సమీపమున నున్న బరాబరు గుహలను ఆయన దర్శించెను. అవి మౌర్యుల కాలమున, అశోకుని నాట, ఆజీవక సన్న్యాసుల కొరకు నల్లని గట్టిరాతిని తొలిచి నిర్మించినవి. లోపలి గోడలు అద్దమువలె నునుపుగా మెరయుచుండును. అచట పలికిన పలుకు ప్రతిధ్వనించి చాలసేపటి వరకు చెవులలో మ్రోగుచునే యుండును. ఆ ప్రతిధ్వని చుట్టును ఆయన నూతన నవల యొకటి అల్లుట మొదలిడెను. కాని కొన్ని ప్రకరణములు వ్రాయగనే కలము ఆగిపోయెను.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఆయన ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో రెడ్‌క్రాసు సేవ చేసెను. 1921లో దేవాసు సంస్థానాధిపతి మూడవ తుకోజీరావు మహారాజునకు ఆంతరంగిక కార్యదర్శిగా మరల భారతదేశమునకు వచ్చెను. తోటలు, మోటారుకార్లు, అతిథిగృహము మున్నగువానిని చూచుకొనుట ఆయన పని. గోకులాష్టమి ఉత్సవములలో పాదరక్షలు లేక భక్తుల నడుమ తిరుగుచు, ఆ సందడిని, ఆ ఆనందమును నిండు మనసుతో గమనించెను. ఆ యుద్యోగము ముగిసిన తరువాత ఆయన మన హైదరాబాదునకు వచ్చెను. మసూదు అప్పటికి నిజాము ప్రభుత్వమున విద్యాశాఖకు అధిపతిగా నుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున వెలయుటకు పాటుపడిన వారిలో ఆయన ముఖ్యుడు. మిత్రుని యింట కొన్ని వారములు గడపి, ఫార్‌స్టరు 1922 ఆరంభమున స్వదేశమునకు మరలెను. ఆ నాటికి దేశము మారిపోయి యుండెను. 1919 ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలా బాగులో కారిన నెత్తురు ఎవరును మరువలేదు. గాంధీజీ నడిపిన సహాయ నిరాకరణోద్యమము ఊరూర వ్యాపించెను.

ఇంగ్లాండునకు చేరిన పిదప, సింహళమున ఉద్యోగము చేసివచ్చిన లెనార్డు వుల్ఫ్ అను మిత్రుడు ప్రోత్సహింపగా, ఆయన పాత ప్రతిని వెలికితీసెను. అది 1924 జూను 4వ తేదీన 'ఏ పాసేజ్ టు ఇండియా' అను పేర వెలువడెను. భారతదేశమునకు ప్రయాణము అని దాని భావము. గ్రంథమును ఆయన మసూదునకు అంకితమిచ్చెను.

కథ చంద్రపూరు అను కల్పిత నగరమున జరుగును. అజీజు అను యువ వైద్యుడు ఒక రాత్రి మసీదులో మిసెస్ మూర్ అను ఆంగ్ల వృద్ధురాలిని కలిసికొనెను. ఆమె పాదరక్షలు విడిచి లోనికి వచ్చియుండెను. ఆ చిన్న మర్యాద అతని మనస్సును కరగించెను. ఆమెను, ఆమె వెంట వచ్చిన అడీలా అను యువతిని అతడు మరబారు గుహలకు తీసికొనిపోయెను. గుహలోని చీకటిలో, ప్రతిధ్వనిలో అడీలా భీతిల్లి పారిపోయి, అజీజు తన్ను అవమానింప జూచెనని నేరము మోపెను. ఆంగ్లేయులందరు ఒక్కటైరి. విచారణ జరుగకమునుపే అతడు నేరస్థుడని తీర్మానించిరి. కళాశాల ప్రధానోపాధ్యాయుడైన ఫీల్డింగ్ ఒక్కడే అజీజు నిర్దోషియని నమ్మి, క్లబ్బును వీడి భారతీయుల పక్షమున నిలిచెను. తుదకు న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుచు అడీలా తాను పొరబడితినని ఒప్పుకొనెను. అజీజు విడుదలయ్యెను. కాని గాయము మానలేదు. కడపట ఆ మిత్రులిద్దరు గుఱ్ఱములపై పోవుచుండగా గుఱ్ఱములే చెరియొక దారి పట్టెను. ఒకరి కాలి క్రింద మరియొకరు అణగియున్నంత కాలము స్నేహము సాధ్యము కాదని రచయిత అభిప్రాయము.

భారతదేశముననున్న ఆంగ్ల ఉద్యోగులు పలువురు ఆ గ్రంథముపై మండిపడిరి. తమ్ము దుర్మార్గులుగా చిత్రించెనని ఆక్షేపించిరి. మన వారిలోను కొందరు, హిందువుల పాత్రలు సరిగా కుదరలేదనిరి. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అజీజును తెలిసినంతగా గోడ్‌బోలే పంతులును ఆయన ఎరుగడు. అయినను లక్షలమంది దానిని చదివిరి.

ఆ పిమ్మట ఫార్‌స్టరు నలువది ఆరేండ్లు జీవించెను. కాని ఆయన జీవితకాలమున మరియొక నవల వెలువడలేదు. వ్యాసములు వ్రాసెను; రేడియోలో భారతీయ శ్రోతల కొరకు ప్రసంగించెను; ముల్కురాజ్ ఆనందు 1935లో ప్రకటించిన 'అన్‌టచబుల్' నవలకు పీఠిక వ్రాసెను. 1937లో మసూదు మరణించినపుడు ఆయన దుఃఖమునకు మేర లేకపోయెను. 1945లో మూడవసారి వచ్చి జయపూరులో జరిగిన రచయితల మహాసభలో పాల్గొనెను. 1949లో తన కీయ జూపిన సర్ బిరుదును వలదనెను. 1970 జూను 7వ తేదీన, తొంబది యొకటవ యేట, మిత్రుల యింట కన్నుమూసెను.

ఆయన నవలను శాంతా రామారావు నాటకముగా మలచగా 1960లో ఇంగ్లాండున ప్రదర్శించిరి. అది ఫార్‌స్టరునకు నచ్చెను. కాని చలనచిత్రముగా తీయుదుమని వచ్చిన వారికెల్ల ఆయన కాదనుచునే వచ్చెను. ఆయన మరణానంతరము హక్కులు కింగ్సు కళాశాల వశమయ్యెను. వారి అనుమతితో డేవిడ్ లీన్ దర్శకత్వమున 1984లో ఆ చిత్రము వెలువడెను. బరాబరు కొండలకు మారుగా బెంగుళూరు సమీపమున సావనదుర్గపు రాళ్లలో గుహల ద్వారములను తొలిపించి చిత్రీకరించిరి. విక్టర్ బెనర్జీ అజీజుగా నటించెను. మిసెస్ మూర్ పాత్రకు పెగ్గీ ఆష్‌క్రాఫ్టు, సంగీతమునకు మారిస్ జారు ఆస్కారు బహుమానములందిరి. జాతి భేదమును నిరసించు ఆ కథలో గోడ్‌బోలే పాత్రకు మాత్రము భారతీయుడు తగడన్నట్లు, ఆంగ్ల నటుడగు ఆలెక్ గిన్నెసునకు ముఖమున గోధుమరంగు పూసి నిలబెట్టిరి! చిత్రము కడపట అజీజు, ఫీల్డింగు మనసులు కలిపికొని, శాంతముగా వీడుకొందురు. నవలలో వలె చెరియొక దారి పట్టిన గుఱ్ఱములు అందు కనబడవు.