శ్రీ కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

1877లో పెనుగంచిప్రోలున జన్మించిన లక్ష్మణరావు పంతులుగారు పసితనముననే తండ్రిని గోల్పోయిరి. సోదరి భండారు అచ్చమాంబగారి ఆదరణమున నాగపురమున చదివి ఎం.ఏ. పట్టమందిరి. కోదాడకు చేరువనున్న మునగాల సంస్థానమునకు దివానులయ్యును అక్షరసేవ మానలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడిరి. 1905లో సోదరి గతించినను క్రుంగిపోక, మరుసటియేడు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్రమును, శాస్త్రములను తెలుగువారి కందించిరి. ఉబ్బసము వేధించుచున్నను ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని మూడు సంపుటములు వెలువరించిరి. అవి అకారమును దాటకమునుపే, 1923లో, వారు కీర్తిశేషులైరి. తనువునకు హద్దున్నను తలపెట్టిన పనికి హద్దు లేదని వారి జీవితము చాటినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలలో తెలుగు పుస్తకము విప్పు ప్రతి పాఠకుడును వారికి ఋణపడినవాడే.