సహాధ్యయన సాధకుడు – ఆచార్య మేఘనాద్ సాహా

భౌతికశాస్త్ర విద్యార్థులమైన మనలో పలువురికి ఆచార్య మేఘనాద్ సాహా పేరు ఒక సమీకరణం ద్వారా పరిచితం. ఆ సమీకరణం ఒక తరగతి గదిలో, ఇద్దరు మిత్రుల కలసికట్టు చదువులో రూపు దిద్దుకున్న కథ మాత్రం అంతగా ప్రచారంలో లేదు. విద్యార్థి లోకానికి ఉపయుక్తమని తలచి ఆ మహనీయుని జీవితాన్ని సంగ్రహంగా వివరిస్తున్నాము.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా సమీపంలోని ఒక కుగ్రామంలో జన్మించారు. తండ్రి జగన్నాథ సాహా చిన్న దుకాణదారు. పై చదువుకు ఊరిలో పాఠశాల లేకపోగా, అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు దూర గ్రామంలోని తన ఇంట ఆశ్రయమిచ్చి చదివించారు. బాలుడు ఆ ఇంటి పనులు చేస్తూ విద్య సాగించాడు. తదుపరి ఢాకా కాలేజియేట్ పాఠశాలలో చేరగా, 1905లో వంగ విభజన వ్యతిరేకోద్యమంలో పాల్గొన్నందున ఆ పాఠశాలకూ, విద్యార్థి వేతనానికీ దూరమయ్యాడు. అయినా చదువు విడువక, 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు.

అక్కడి హిందూ వసతి గృహంలో కుల కారణంగా కొందరు ఆయనతో సహపంక్తి భోజనానికి నిరాకరించారు. ఆ అవమానం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. కాని అదే కళాశాల సత్యేంద్రనాథ్ బోస్ వంటి సహాధ్యాయిని ప్రసాదించింది. 1915లో ఎం.ఎస్‌సి. గణిత పరీక్షలో బోస్ ప్రథముడుగా, సాహా ద్వితీయుడుగా ఉత్తీర్ణులయ్యారు. పోటీ వారి మైత్రికి అడ్డు రాలేదు.

1916లో సర్ ఆశుతోష్ ముఖర్జీ వీరిద్దరినీ నూతన విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో అధ్యాపకులుగా నియమించారు. గణితం చదివిన ఆ యువకులు ఎం.ఎస్‌సి. విద్యార్థులకు ఆధునిక భౌతికశాస్త్రం బోధించవలసి వచ్చింది. తమకు నేర్పే గురువులు లేరు. ప్రపంచ యుద్ధం వల్ల ఐరోపా నుండి గ్రంథాలు రావడం దుర్లభం. అందుచేత వారు భారాన్ని పంచుకున్నారు. క్వాంటమ్ సిద్ధాంతం సాహా వంతు, సాపేక్షతా సిద్ధాంతం బోస్ వంతు. శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యులు బ్రూల్ వద్ద ఉన్న జర్మన్ గ్రంథాలను ఎరువు తెచ్చుకున్నారు. ఒకరు గ్రహించినది మరొకరికి వివరించి, పిదప విద్యార్థులకు బోధించేవారు.

ఈ కృషి ఫలాలు త్వరలోనే వెలువడ్డాయి. 1918లో వాయువులపై ఇద్దరూ కలిసి రచించిన పరిశోధనా వ్యాసం అచ్చయింది. 1920లో ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా వ్యాసాలకు వారు చేసిన ఆంగ్లానువాదాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది.

ఉష్ణగతిశాస్త్రం, వర్ణపటశాస్త్రం బోధించే రోజులలోనే సాహాకు అయనీకరణ సిద్ధాంతం స్ఫురించింది. నక్షత్రాల వర్ణపటాలు వేర్వేరుగా ఉండడానికి ముఖ్య కారణం వాటిలోని పదార్థాల భేదం కాదనీ, ఉష్ణోగ్రత, పీడనాలను బట్టి పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయే తీరులోని భేదమనీ 1920లో ఆయన నిరూపించారు. ఖగోళ భౌతికశాస్త్రానికి అది నూతన మార్గం చూపింది. 1927లో ఆయన లండన్ రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికయ్యారు.

ఉద్యోగాలు మిత్రులను వేర్వేరు నగరాలకు చేర్చినా, సహాధ్యయనం ఆగలేదు. 1924లో సాహా ఢాకా వెళ్ళినపుడు, ప్లాంక్ నియమంపై వెలువడిన కొత్త వ్యాసాలను బోస్ దృష్టికి తెచ్చారు. అదే సంవత్సరం బోస్ తన ప్రఖ్యాత సంఖ్యాక సిద్ధాంతాన్ని వెలువరించారు.

1923 నుండి 1938 వరకు సాహా అలహాబాదులో ఆచార్యత్వం నెరపారు. అక్కడ శిష్యుడైన బి.ఎన్. శ్రీవాస్తవతో కలిసి రచించిన ఉష్ణశాస్త్ర గ్రంథం తరతరాల భారతీయ విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. తరువాత కలకత్తాలో అణు భౌతికశాస్త్ర సంస్థను నెలకొల్పారు. 1952లో స్వతంత్ర సభ్యునిగా లోక్‌సభలో ప్రవేశించారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయానికి వెళుతూ కన్నుమూశారు.

సోదర విద్యార్థులారా! గ్రంథాలు చాలవనీ, ఇంట చెప్పేవారు లేరనీ మనలో పలువురు నిరుత్సాహపడుతుంటాము. సాహా, బోస్‌లకు ఉన్న వనరులు అంతకంటె మెరుగైనవి కావు. తరగతిలో నలుగురైదుగురు ఒక జట్టుగా చేరి, తలకొక అధ్యాయం తీసుకొని, వారానికొక సాయంత్రం ఒకరికొకరు బోధించుకోవచ్చును. ఇతరులకు చెప్పవలసి వచ్చినపుడే మనకు తెలియనిదేదో స్పష్టమవుతుంది. అట్టి జట్టులో చేరగోరిన ఏ విద్యార్థినీ కులం, మతం, భాష, పేదరికం పేరిట దూరముంచరాదు. వసతి గృహ భోజనశాలలో సాహా పొందిన అవమానం మన తరగతి గదిలో ఎవరికీ కలుగకుండా చూడడం మన విధి.