నీటికి చోటిచ్చిన మహనీయుడు

జోరువానలో జూబ్లీహిల్స్ ఎత్తుల నుంచి మన శ్రీనగర్ కాలనీ, కృష్ణానగర్ పల్లపు వీధుల్లోకి దూకే నీటిని మీరు చూసే ఉంటారు. మోకాలి లోతు నీరు మోటారు సైకిళ్లను ఈడ్చుకుపోతుంది. బిందెలో అణిగివుండే నీటికి ఇంత బలం ఎక్కడిది? దాని బరువుకు వేగం తోడవుతుంది. వేగం రెండింతలైతే, అడ్డొచ్చిన గోడపై తాకిడి నాలుగింతలవుతుంది. ఈ సత్యం ఎరిగి మన నగరాన్ని కాపాడినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఆయన పుట్టింది మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివారు. పూనాలో ఇంజనీరయ్యారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి తాను రూపొందించిన తలుపులు అమర్చారు. నీరు హద్దు మీరితే ఆ నీటి బలంతోనే అవి తెరుచుకునేవి, తగ్గితే మూసుకునేవి. వాటిపై పేటెంటు పొందినా రాయల్టీ పుచ్చుకోలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూట యాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపుపై ఆయన వచ్చారు. ఎగువన రెండువందలకు పైగా చెరువులు తెగాయని గుర్తించారు. ఒక చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు కట్టపై విరుచుకుపడుతుంది. అందుకే నగరంలో గట్లు కడితే చాలదని, వరదను నగరానికి పైనే ఆపాలని సూచించారు.

నిలిచిన నీరు కూడా కట్టను ఒత్తుతుంది. అయితే ఆ ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది కనుక ముందే లెక్కగట్టి, కట్ట అడుగుభాగాన్ని వెడల్పు చేయవచ్చు. ఆపిన నీటిని కొద్దికొద్దిగా వదలవచ్చు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరాన్ని ముంచిన నీరే గండిపేట నీరై మన దాహం తీర్చింది.

1955లో భారతరత్న అందుకొని, నూరేళ్లు దాటి జీవించి, 1962లో ఆయన కన్నుమూశారు.

2020 అక్టోబరులో మన నగరంలో మళ్లీ చెరువు కట్టలు తెగి ఇళ్లు మునిగాయి. నీటికి ఉంచిన చోటులో మనం ఇళ్లు కట్టుకుంటే, నీరు మన ఇళ్లలో చోటు వెతుక్కుంటుంది. స్థలం కొనేముందు ఆ వాడలోని పెద్దలను ఒక్కమాట అడగండి: ఇక్కడ వాననీరు ఎటు పోయేది అని. మీ పిల్లల క్షేమం ఆ జవాబులో ఉండవచ్చు.