బాక్సింగ్ వీరుడు జో లూయిస్

బాక్సింగ్ అంటే మనందరికీ ముందు గుర్తొచ్చేది మహమ్మద్ అలీ. ఆయనకంటే ముందు అదే అమెరికాలో జో లూయిస్ అని ఒకాయన ఉండేవాడు. 1937 నుండి 1949 వరకు, పదకొండు సంవత్సరాల ఎనిమిది నెలలు, హెవీవెయిట్ చాంపియన్ ఆయనే. ఆ పట్టం కోసం వచ్చినవాళ్ళను 25 సార్లు వెనక్కి పంపించాడు. హెవీవెయిట్‌లో ఏకబిగిన అంతకాలం నిలిచినవాడు ఈ రోజుకీ ఇంకొకడు లేడు. బాక్సింగ్‌లో బరువును బట్టి తరగతులు ఉంటాయి. అప్పట్లో 79 కిలోలు దాటినవాళ్ళందరూ హెవీవెయిట్ కిందికి వచ్చేవాళ్ళు.

ఆయన 1914 మే 13న అలబామా రాష్ట్రంలో లఫాయెట్ అనే ఊరి దగ్గర పుట్టాడు. నల్లజాతి కుటుంబం. తాతలు బానిసలు. తండ్రి వేరేవాళ్ళ భూమిలో పాలుకు పత్తి పండించేవాడు. ఎనిమిది మంది పిల్లల్లో జో ఏడోవాడు. ఆయనకు రెండేళ్ళప్పుడు తండ్రిని మానసిక ఆసుపత్రిలో చేర్చారు. తల్లి లిల్లీ చేనూ ఇల్లూ రెండూ మోసింది. పత్తి ఏరితే వేళ్ళు ఎట్లా గీసుకుపోతాయో మనలో చాలామందికి తెలుసు కదా, ఆ పనే వాళ్ళదీ.

1926లో కుటుంబమంతా డెట్రాయిట్ నగరానికి వలస పోయింది. అక్కడ కార్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి. కానీ కొన్నాళ్ళకే దేశమంతా పనులు పోయి, వీళ్ళు కూడా ప్రభుత్వం ఇచ్చే సాయం మీద బతకాల్సి వచ్చింది. జో బడిలో వడ్రంగం నేర్చుకున్నాడు. కొడుకు ఫిడేలు నేర్చుకోవాలని తల్లికి ఆశ. పాఠాలకు డబ్బులిచ్చి పంపేది. ఆయన ఆ డబ్బులు బాక్సింగ్ నేర్చుకునేచోట కట్టి, గ్లౌజులు ఫిడేలు పెట్టెలో దాచేవాడు! తర్వాత తెలిసినా తల్లి అడ్డం చెప్పలేదు.

1932లో మొదటి పోటీలో చిత్తుగా ఓడిపోయాడు. ఎన్నోసార్లు కింద పడ్డాడు. అయినా మానలేదు. రెండేళ్ళు తిరిగేసరికి, 1934లో, డబ్బు కోసం ఆడే బాక్సర్ అయ్యాడు. సంపాదన మొదలైనాక ఆయన చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. వాళ్ళ కుటుంబం కరువు రోజుల్లో తీసుకున్న సాయం డబ్బును లెక్కకట్టి ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశాడు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

అంతకుముందు జాక్ జాన్సన్ అనే నల్లజాతి చాంపియన్ ఉండేవాడు. తెల్లవాళ్ళకు తలవంచలేదని వాళ్ళు ఆయన్ని ద్వేషించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నల్లవాళ్ళకు ఆ పట్టం కోసం ఆడే అవకాశమే రాలేదు. అందుకే జో మేనేజర్లు ఆయనకు నియమాలు పెట్టారు. ఓడినవాడి ముందు సంతోషించకూడదు, తెల్ల స్త్రీల పక్కన ఫొటో దిగకూడదు. గెలిచి కూడా నవ్వకూడదంటే ఎంత కష్టమో ఆలోచించండి.

1936లో జర్మనీ వీరుడు మాక్స్ ష్మెలింగ్ ఆయన్ని 12వ రౌండులో పడగొట్టాడు. జో ఎడమచేత్తో గుద్దినాక ఆ చెయ్యి కిందికి దించుతాడని ష్మెలింగ్ సినిమా చూసి కనిపెట్టాడు. మరుసటి సంవత్సరం బ్రాడాక్‌ను ఓడించి జో చాంపియన్ అయ్యాడు గానీ, ష్మెలింగ్‌ను గెలవందే తృప్తి లేదు. 1938 జూన్ 22న న్యూయార్క్‌లో డెబ్భై వేల మంది ముందు మళ్ళీ తలపడ్డారు. ష్మెలింగ్‌ను హిట్లర్ మనిషిగా చూశారు, జో చేతిలో అమెరికా పరువు పెట్టారు. 124 సెకండ్లలో అయిపోయింది! మూడుసార్లు పడినాక ష్మెలింగ్ ఇక లేవలేకపోయాడు. నిజానికి ష్మెలింగ్ నాజీ పార్టీలో లేడు. అదే ఏడాది యూదులపై దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు పిల్లలను దాచి కాపాడాడు.

1942లో జో సైన్యంలో చేరాడు. ఆ సైన్యంలో నల్లవాళ్ళ దళాలు వేరు, తెల్లవాళ్ళవి వేరు. ఆ సంవత్సరమే రెండు పోటీలు ఆడి, వచ్చిన డబ్బు ఒకటి నావికాదళ సహాయనిధికి, ఇంకొకటి సైనిక సహాయనిధికి ఇచ్చేశాడు. సైనికుల కోసం ఊరూరా ఊరికే ఆడి చూపించాడు.

యుద్ధం అయ్యాక పన్నులవాళ్ళు వచ్చారు. దానమిచ్చిన డబ్బును కూడా ఆయన ఆదాయం కిందే లెక్కగట్టారు. ఆయనకూ లెక్కలు చూసుకోవడం తెలియదు, అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాడు. వడ్డీ మీద వడ్డీ పెరిగి బాకీ ఐదు లక్షల డాలర్లు దాటింది. అది తీర్చడానికే 1950లో, రిటైరయిన మనిషి మళ్ళీ గ్లౌజులు తొడిగి చార్లెస్ చేతిలో ఓడాడు. 1951లో మార్సియానో ఆయన్ని రింగు తాళ్ళ బయటికి పడేట్టు కొట్టాడు. తర్వాత డబ్బు కోసం కుస్తీలు కూడా పట్టాడు. తల్లి చనిపోతూ వదిలిన కాస్త డబ్బు కూడా బాకీ కిందికే పోయింది. సాయం తీసుకున్న ప్రతి పైసా తిరిగి ఇచ్చినవాడిని ఇట్లా చేయడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. చివరికి 1960ల్లో ప్రభుత్వం పాత బాకీ కోసం పీడించడం ఆపింది.

ఆఖరి రోజుల్లో లాస్ వేగాస్‌లో ఒక పెద్ద హోటల్లో వచ్చినవాళ్ళను పలకరించే ఉద్యోగం చేశాడు. 1981 ఏప్రిల్ 12న 66 ఏళ్ళ వయసులో చనిపోయాడు. నియమాల ప్రకారం సైనికుల శ్మశానమైన ఆర్లింగ్టన్‌లో చోటు రాకపోతే, అధ్యక్షుడు రీగన్ నియమం సడలించి చోటిచ్చాడు. అంత్యక్రియల ఖర్చులో కొంత జర్మనీ నుండి వచ్చింది. పంపినవాడు ష్మెలింగ్. యుద్ధం తర్వాత ఇద్దరూ స్నేహితులయ్యారు.