ఎడ్విన్ లుటియన్స్ - కొత్త ఢిల్లీ వాస్తుశిల్పి

ప్రతి సంవత్సరం జనవరి 26న ఢిల్లీలో జరిగే కవాతును మీరు టెలివిజన్‌లో చూసే ఉంటారు. ఆ దారికి ఒక చివర కొండ మీద పెద్ద గుమ్మటంతో రాష్ట్రపతి భవన్ ఉంటుంది. రెండో వైపు ఇండియా గేట్ ఉంటుంది. ఈ రెండు కట్టడాలకూ నమూనాలు గీసిన వాస్తుశిల్పి సర్ ఎడ్విన్ లుటియన్స్.

లుటియన్స్ 1869 మార్చి 29న లండన్‌లో జన్మించాడు. తండ్రి మొదట సైనికోద్యోగి, తర్వాత చిత్రకారుడు. ఇంట్లో పదమూడుమంది పిల్లలు. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం రావడంతో ఎడ్విన్ చదువు సరిగా సాగలేదు. బడికి వెళ్లవలసిన వయసులో పల్లెల్లో తిరుగుతూ ఇళ్లు కట్టే పనివాళ్లను గమనించేవాడు. చిన్న గాజుపలక ఒకటి, సన్నగా చెక్కిన సబ్బుముక్కలు కొన్ని వెంట ఉంచుకునేవాడు. నచ్చిన ఇంటి ముందు నిలబడి, గాజులోంచి చూస్తూ దాని గీతలను గాజు మీదే సబ్బుతో గీసేవాడు. నీళ్లతో కడిగేసి మరో ఇంటికి వెళ్లేవాడు. ఆయన అసలు చదువు ఇదే అనాలి. తర్వాత లండన్‌లో ఒక కళాశాలలో చేరినా కోర్సు పూర్తి చేయలేదు. కొంతకాలం ఒక వాస్తుశిల్పి దగ్గర పని నేర్చుకున్నాడు. హెర్బర్ట్ బేకర్ అనే యువకుడితో స్నేహం కలిసింది అక్కడే. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇరవై ఏళ్లకే లుటియన్స్ సొంతంగా పని మొదలుపెట్టాడు. తోటల పెంపకంలో పేరుపొందిన గర్ట్రూడ్ జెకిల్ ఆయనకు అండగా నిలిచింది. ఆయన ఇల్లు కడితే ఆమె తోట వేసేది. 1897లో ఎమిలీని వివాహం చేసుకున్నాడు. ఆమె తండ్రి లార్డ్ లిట్టన్ అంతకుముందు మన దేశానికి వైస్రాయిగా పనిచేసినవాడు. ఎమిలీ తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1911లో ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆయనను కన్నబిడ్డలా ఆదరించింది ఈమే. లుటియన్స్ కుమార్తె మేరీ తర్వాత కృష్ణమూర్తి జీవితచరిత్ర రాసింది.

1911 డిసెంబరులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు అయిదవ జార్జి చక్రవర్తి ప్రకటించాడు. మరుసటి సంవత్సరం నగర నిర్మాణ సంఘంలో సభ్యుడిగా లుటియన్స్ ఢిల్లీ వచ్చాడు. రైసీనా కొండను ఎంపిక చేశారు. అక్కడి పల్లెల రైతుల భూములను ప్రభుత్వం చట్టం ప్రకారం తీసుకున్నది. రాజధాని వైభవం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతిని చాలామంది వదిలేస్తారు.

పని పెద్దది కనుక బేకర్‌ను తోడు ఇమ్మని లుటియన్సే కోరాడు. వైస్రాయి భవనం లుటియన్స్‌కు, దాని ముందు ఇరువైపులా ఉండే సచివాలయాలు బేకర్‌కు వచ్చాయి. సచివాలయాలు కూడా కొండ మీదనే ఉండాలని బేకర్ పట్టుబట్టాడు. దానితో వైస్రాయి భవనం వెనక్కు జరిగింది. కొండ ఎక్కే దారి ప్రతి 22.5 అడుగుల దూరానికి ఒక అడుగు లేచేటట్లు నిర్ణయించారు. 1913లో లుటియన్స్ ఆ ఒప్పందం మీద సంతకం చేశాడు. దాని ఫలితం 1916లో గానీ ఆయనకు బోధపడలేదు. దూరం నుంచి భవనం కనిపిస్తుంది. కొండ కిందికి చేరేసరికి దారి వాలు అడ్డం వచ్చి గుమ్మటం మాత్రమే మిగులుతుంది. వాలును తవ్వి సరిచేయాలని ఆయన ఏళ్ల తరబడి పై అధికారులకు మొర పెట్టుకున్నాడు. ఖర్చు ఎక్కువని వారు ఒప్పుకోలేదు. స్నేహితులిద్దరికీ కొన్నేళ్లు మాటలు లేవు. ఆయన సంతకమే ఆయనకు ఎదురు నిలిచింది మరి!

లుటియన్స్‌కు భారతీయ కట్టడాల మీద గౌరవం తక్కువ. భార్యకు రాసిన ఉత్తరాల్లో వాటిని చులకన చేశాడు. కాని భారతీయ పద్ధతులు కనిపించాలని వైస్రాయి హార్డింజ్ పట్టుబట్టాడు. చివరకు సాంచి స్తూపం కంచెను గుమ్మటం చుట్టూ తిప్పాడు. ఎండకు, వానకు సజ్జాలు, పైన ఛత్రీలు పెట్టాడు. స్తంభాల మీద మోగని రాతిగంటలు చెక్కించాడు. ఒకదాని పక్కన ఒకటి అతికించినట్లు కాక, అన్నీ ఒక్క కట్టడంలో ఇమిడిపోయాయి. నోటితో కాదన్నదాన్ని చేతితో ఒప్పుకున్నాడనిపిస్తుంది.

340 గదులున్న ఈ భవనంతో పాటు కొత్త రాజధానికి 1931 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. వైస్రాయి ఇర్విన్‌తో చర్చలకు గాంధీజీ ఈ భవనానికి వచ్చింది ఆ నెలలోనే. ఇందులో నివసించిన వైస్రాయిలు ఐదుగురే. 1950 జనవరి 26న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడి దర్బారు హాలులోనే రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. హైదరాబాదు నిజాం ఉస్మాన్ అలీఖాన్ కోసం ఢిల్లీలో కట్టిన హైదరాబాద్ హౌస్ కూడా లుటియన్స్ నమూనాయే. విదేశీ నాయకులతో మన ప్రధానమంత్రి చర్చలు జరిపేది అందులోనే.

కొత్త ఢిల్లీ అంతా ఆయనే కట్టాడని అనుకోవడం పొరపాటు. గుండ్రని పాత పార్లమెంటు భవనం ప్రధానంగా బేకర్ రూపకల్పన. కన్నాట్ ప్లేస్ రాబర్ట్ టోర్ రస్సెల్‌ది.

లండన్‌లో మొదటి ప్రపంచయుద్ధ మృతులకోసం నిలిపిన సెనోటాఫ్ స్మారకం కూడా లుటియన్స్‌దే. దాని మీద ఏ మత చిహ్నమూ లేదు. చనిపోయిన సైనికుల్లో అన్ని మతాలవారూ ఉన్నారు కదా!

లుటియన్స్ 1944 జనవరి 1న లండన్‌లో మరణించాడు. అప్పటికి ఆయన గీసిన వాటన్నిటిలో పెద్దది, లివర్‌పూల్ నగరంలోని ఒక చర్చి, నేలమాళిగ దగ్గరే ఆగి ఉంది. డబ్బు చాలక ఆ నమూనాను తర్వాత వదిలేశారు. 1967లో ఆ నేలమాళిగను ఆనుకుని మరొకరి నమూనాతో వేరే చర్చి లేచింది.