ఫారెన్‌హీట్: 15 ఏళ్లకే అనాథ.. నీళ్లు గడ్డకట్టే గుట్టు పట్టుకున్న థర్మామీటర్ల మేస్త్రి

ఫ్రీజర్‌లోంచి తీసిన వాటర్ బాటిల్. లోపల నీళ్లు మామూలుగానే ఉంటాయి. టేబుల్‌పై ఒక్కసారి టక్కున కొడితే చాలు.. కళ్లముందే ఐస్ అయిపోతాయి. ఫోన్లలో తెగ తిరిగే ఈ వీడియోలు చూసి గ్రాఫిక్స్ అనుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ వింతను 300 ఏళ్ల క్రితమే గమనించి, డిగ్రీలతో సహా రాసిపెట్టిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్. జ్వరం 102 ఉందని ఇప్పటికీ మనం చెప్పుకునేది ఆయన స్కేల్‌లోనే.

ఒకే రోజు అమ్మా, నాన్న..

ఫారెన్‌హీట్ 1686 మే 24న డాన్‌జిగ్‌లో పుట్టారు. ఇప్పుడది పోలండ్‌లోని గ్డాన్స్క్. వ్యాపారుల కుటుంబం. 1701 ఆగస్టు 14న విషపు పుట్టగొడుగులు తిని తల్లిదండ్రులిద్దరూ ఒకే రోజు చనిపోయారు. అప్పటికి ఆయనకు 15 ఏళ్లు. వ్యాపారం నేర్చుకోమని సంరక్షకులు ఆమ్‌స్టర్‌డామ్ పంపారు. అక్కడ కుర్రాడి మనసు లెక్కల పుస్తకాల మీద కాకుండా థర్మామీటర్ల మీద పడింది. వాటికోసం అప్పులు చేశారు. విసిగిపోయిన సంరక్షకులు ఆయన్ని పట్టుకుని ఓడెక్కించి ఈస్టిండీస్ పంపేయడానికి ఏకంగా అరెస్ట్ వారెంటే తెచ్చారు. ఆయన మాత్రం ఊళ్లు పట్టుకుని తిరిగారు కానీ పని వదల్లేదు. 1708లో కోపెన్‌హాగన్‌లో శాస్త్రవేత్త ఓలే రోమర్‌ను కలిసి స్కేల్ గీసే పద్ధతి చూశారు.

ఏ థర్మామీటర్‌ను నమ్మాలి?

ఆ రోజుల్లో అసలు చిక్కు ఇదే. ఒకే గదిలో రెండు థర్మామీటర్లు పెడితే రెండూ రెండు లెక్కలు చెప్పేవి. ఫారెన్‌హీట్ 1714లో పాదరసంతో థర్మామీటర్ చేశారు. ఐస్, నీళ్లు, అమ్మోనియం క్లోరైడ్ ఉప్పు కలిపిన మిశ్రమం చల్లదనాన్ని సున్నా అన్నారు. ఉప్పేమీ లేని నీళ్లలో ఐస్ ముక్కలు తేలుతుంటే అది 32. ఉప్పు కలిస్తే ఎందుకంత తేడా? ఉప్పు కణాలు అడ్డుపడటంతో నీటి అణువులు ఐస్‌గా కట్టుకోవడం కష్టమవుతుంది. అందుకే గడ్డకట్టే స్థానం కిందికి జారుతుంది. కుల్ఫీ డబ్బా చుట్టూ ఐస్‌లో ఉప్పు వేసేది కూడా ఇందుకే.

రాత్రంతా చలిలో పెట్టినా..

1721లో ఆయన ఓ గాజు బుడ్డిలో వాన నీళ్లు పోసి, గాలి తీసేసి, మూతి కరిగించి మూసేశారు. 15 డిగ్రీల చలిలో పెట్టారు. సెల్సియస్‌లో అది దాదాపు మైనస్ 9. తెల్లారి చూస్తే నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి! బుడ్డి కొన విరగ్గొట్టగానే లోపలంతా ఐస్ పలుకులు పరుచుకున్నాయి. అందులో థర్మామీటర్ పెడితే 32 చూపించింది. గాలి తగలడం వల్లే ఇలా జరిగిందని మొదట అనుకున్నారు. తర్వాత ఒక్క కుదుపు చాలని తేల్చుకున్నారు.

కారణం ఏంటంటే.. నీళ్లు గడ్డకట్టాలంటే ముందు చిన్న ఐస్ పలుకు ఒకటి పుట్టాలి. దానికి దుమ్ము కణమో, గాజు మీద గరుకో, ఓ కుదుపో ఆసరా కావాలి. అది దొరక్కపోతే 32 దాటి ఎంతో చల్లబడినా నీళ్లు అలాగే ఉండిపోతాయి. ఒక్కసారి మొదలైతే మాత్రం గడ్డకట్టేటప్పుడు వేడి బయటికొచ్చి, లెక్క మళ్లీ 32కి ఎక్కుతుంది. అంటే నీళ్లు ఎప్పుడు గడ్డకడతాయో ముందే చెప్పలేం కానీ, ఐస్, నీళ్లు కలిసి ఉన్నచోట లెక్క మారదు. థర్మామీటర్లన్నీ ఒకే మాట చెప్పడానికి ఆయనకు దొరికిన గట్టి ఆధారాల్లో అదొకటి.

పేరు మిగిలింది.. డబ్బు మిగల్లేదు

1724లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. అదే ఏడాది ఈ ప్రయోగాలు దాని పత్రికలో అచ్చయ్యాయి. కానీ చేతిలో డబ్బు నిలవలేదు. నీళ్లు తోడే యంత్రానికి పేటెంట్ కోసం ది హేగ్ వెళ్లి జబ్బున పడ్డారు. 1736 సెప్టెంబర్ 16న, 50 ఏళ్లకే కన్నుమూశారు. పేదలకు చేసే నాలుగో తరగతి అంత్యక్రియలతో సాగనంపారు. ఆయన తర్వాత స్కేల్‌ను కొద్దిగా సరిచేశారు. ఆయన 96 అన్న ఒంటి వేడి ఇప్పుడు 98.6 అయింది. ఐస్ కరిగే చోటు మాత్రం ఆయన పెట్టిన 32 దగ్గరే ఉంది.